వరస చెప్పే ప్రోగ్రాం

కళ్యాణదుర్గం బస్టాండుకు ఎదురుగా, ఎరువుల కొట్టు పక్కన, నేను పనిచేసిన డీటీపీ సెంటరు ఉండేది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, బడిపిల్లల గుర్తింపు కార్డులు చేసేవాళ్లం. పనికి ఇద్దరం. నేను కంప్యూటర్‌లో టైపు చేసేదాన్ని. నా వయసుదే ఇంకో అమ్మాయి ప్రూఫు చూసి, వెనక గదిలో స్క్రీన్ ప్రింటింగ్ చేసేది. యజమానిని ఇద్దరం అన్నా అనే పిలిచేవాళ్లం. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. నేను బీఎస్సీ అయిపోయి, దూరవిద్యలో ఎంసీఏకు కట్టి, ఆదివారాలు బస్సెక్కి అనంతపురం పోయి క్లాసులు విని వచ్చేదాన్ని.

ఆ ఏడు వాన రాలేదు. శెనక్కాయ చేతికి రాకపోతే మా వైపు పెళ్లిళ్లు వాయిదా పడతాయి. పెళ్లిళ్లు లేకపోతే పత్రికలుండవు. పత్రికలు లేకపోతే కంప్యూటర్ ఖాళీ. నా చదువుకు కలిసొచ్చింది అదొక్కటే. ఈ మాట పైకి అనకూడదు కాబట్టి ఎవరితోనూ అనలేదు.

ఆ సెమిస్టర్లో ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అని ఒక పేపరు వచ్చింది. అందులో మాకు నేర్పిన భాష పేరు స్కీమ్. ఈ పేరుతో నాకు మొదటిరోజు నుంచే ఇబ్బంది.

"ఏం నేర్చుకుంటాండావు పాపా?" అని అన్న అడిగాడు.

"స్కీమ్ అన్నా."

"ఎవరికిస్తాండారు?"

"ఎవరికీ ఇవ్వరన్నా. నేర్చుకునేదే."

"రేషన్ కార్డు జిరాక్సు పెట్టాల్నా?"

"వద్దన్నా."

"జిరాక్సు కూడా వద్దంటాండారంటే అది మనదాకా రాదులే" అన్నాడు.

అప్పటిదాకా నాకు తెలిసిన కంప్యూటర్ భాషల్లో ఒక పనిని వంద మాట్లు చేయమంటే చేస్తుంది. ఇందులో అట్లా కాదు. ఒక పెద్ద ప్రశ్నను కొంచెం చిన్నది చేసి, అదే ఫంక్షన్‌ను మళ్లీ అడగాలి. అది ఇంకొంచెం చిన్నది చేసి మళ్లీ తననే అడుగుతుంది. ఇక చిన్నది చేయడానికి ఏమీ మిగలనప్పుడు జవాబు వస్తుంది. పైగా ఒక పేరుకు ఒక విలువ పెట్టాక దాన్ని మార్చకూడదని నియమం. చదివినప్పుడు అర్థమైనట్టే ఉండేది. పుస్తకం మూస్తే ఏమీ ఉండేది కాదు.

మా సారు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఆదివారాలు మాకు చెప్పడానికి వచ్చేవాడు. నవ్వడు. తిట్టడు. రెండింటికీ ఆయన దగ్గర ఒకే ముఖం ఉండేది. సొంతంగా ఒక ప్రోగ్రాం రాసుకు రమ్మన్నాడు.

"ఫ్యాక్టోరియల్ రాసుకొస్తే నేను చూడను. అది పుస్తకంలోనే ఉండాది. మీ ఇండ్లల్లో, మీ పనుల్లో ఏదో ఒక చిక్కు ఉంటాది కదా. అది రాసుకు రండి."

మా ఇంట్లో చిక్కులు చాలానే ఉండేవి కానీ కంప్యూటర్‌కు చెప్పదగ్గవి కావు. షాపులో ఒకటి ఉండేది. పెళ్లిపత్రిక టైపు చేయించడానికి వచ్చినవాళ్లు పెళ్లికూతురి పేరు దగ్గర ఎప్పుడూ కొట్లాడుకోరు. ముహూర్తం దగ్గరా కొట్లాడుకోరు. మేనమామలు అన్న మాట కింద ఎవరి పేరు రావాలి, చిన్నాయనలు అన్న మాట కింద ఎవరిది రావాలి అన్నదగ్గర కుర్చీలు జరుగుతాయి. ఎవరు ఎవరికి ఏ వరస అవుతారో తేల్చడానికి ఒక ప్రోగ్రాం ఉంటే బాగుంటుందనుకున్నాను.

మొదటి ప్రోగ్రాం నేను కష్టపడి రాశాను. నాయన చెల్లెలు అంటే అత్త. అమ్మ అన్న అంటే మామ. నాయన తమ్ముని కూతురు అంటే చెల్లెలు. ఇట్లా నాకు గుర్తొచ్చిన చుట్టరికాలన్నీ ఒక్కొక్క లైనుగా, ఇది అయితే అది, ఇది అయితే అది అని కిందికి పేర్చుకుంటూ పోయాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు కనబడేది కాదు కాబట్టి నాయన, అమ్మ అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి. 'జవాబు' అని ఒక పేరు పెట్టి, లైను లైనుకూ దాని విలువ మారుస్తూ వచ్చాను. మార్చకూడదన్న నియమం గుర్తుంది. అయితే ఆ నియమం తెలివైనవాళ్లకనుకున్నాను.

ఆదివారం సారు దాన్ని ల్యాబులో నడిపించి చూశాడు.

"పని చేస్తాంది" అన్నాడు.

నేను సంతోషపడ్డాను.

"నాయన మేనత్త మనవరాలు ఏమైతాది?"

"ఆ లైను రాయలేదు సార్."

"రాస్తావా?"

"రాస్తాను సార్."

"అమ్మ చిన్నాయన కోడలి తమ్ముడు?"

"అదీ రాస్తాను సార్."

"యాడ ఆపుతావు?"

నేను వేళ్ల మీద చుట్టరికాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"ఇట్లా ఊరంతా అయిపోయేదాకా రాసుకుంటా పోతావు. ఇది ప్రోగ్రాం కాదమ్మా, జనాభా లెక్కలు" అని, పెన్నుతో జవాబు అన్న పేరు కింద గీతలు పెట్టుకుంటూ వచ్చాడు. "దీన్ని ఎన్నితూర్లు మారుస్తాండావు?"

"పైనుంచి కిందిదాకా సార్."

"ఒక్కతూరి కూడా మార్చకుండా రాసుకొని రా."

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ టికెట్ తీసుకోవడం అయిపోగానే నావైపు తిరిగి, ఏ ఊరు, ఎవరి కూతురివి అని మొదలుపెట్టింది. మా ఊరి పేరు చెప్పాను. నాయన పేరు చెప్పాను. నాయన వాళ్ల అమ్మ, అంటే మా జేజి, ఏ ఊర్లో పుట్టిందో చెప్పాను. అక్కడ ఆమె చేయి పైకెత్తి ఆపింది.

"ఉండు ఉండు. మీ జేజి మా చిన్నమ్మకు ఆడబిడ్డ. అంటే మా చిన్నాయన చెల్లెలు. నాకు అత్త. అత్త కొడుకు మీ నాయన. నాకు బావ. బావ కూతురివి నువ్వు. నాకూ కూతురివే." కాసేపు నన్ను పరకాయించి చూసింది. "అట్లయితే రొంత జరుగు."

నేను జరిగాను. ఆమె సంచి మా ఇద్దరి మధ్యా పెట్టుకుని నిద్రపోయింది. కళ్యాణదుర్గం వచ్చేదాకా నాకు మాత్రం నిద్ర రాలేదు.

ఆమె ఎక్కడా రెండు మాటలకు మించి ఒక్కసారి చూడలేదు. చిన్నాయన, చెల్లెలు అన్న రెండు మాటలు కలిపి అత్త అన్న ఒక్క మాట చేసింది. ఆ అత్తకు కొడుకును కలిపి బావ చేసింది. ఆ బావకు కూతురిని కలిపింది. వెనక ఏముందో మళ్లీ చూడలేదు. చుట్టరికం ఎంత పొడుగున్నా మొదటి రెండు మాటలను ఒక మాటగా చేసి, మిగిలినదానితో మళ్లీ అదే పని చేస్తే చివరికి ఒక్క మాట మిగులుతుంది. అదే వరస. సారు నెలల నుంచి బోర్డు మీద రాస్తున్నది ఇదే. ఆయన అంకెలతో రాశాడు, అందుకే నాకు అందలేదు.

రెండో ప్రోగ్రాం ఆ వారంలో రాశాను. రెండేసి మాటల జతలు కొన్ని చాలు. పైగా చిన్నాయన, పెద్దనాయన ఇద్దరినీ నాయన కిందే లెక్కేస్తే, చిన్నమ్మ, పెద్దమ్మలను అమ్మ కిందే లెక్కేస్తే, జతలు ఇంకా తగ్గాయి. జవాబు అన్న పేరే లేదు. మార్చడానికి ఏమీ లేదు. మూడు పేజీల ప్రోగ్రాం ఒక పేజీకి వచ్చింది. సారు అడిగిన మేనత్త మనవరాలిని అడిగాను. చెప్పింది. ఇంకా పొడుగు చుట్టరికాలు అడిగాను. అవీ చెప్పింది. కరెంటు పోయేదాకా అడుగుతూనే ఉన్నాను.

మరుసటి రోజు అన్నకు చూపించాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నా అక్క కొడుకును అడుగు."

అక్క, కొడుకు అని కొట్టాను. కొడుకు అని వచ్చింది.

"నా అక్క కొడుకు నాకు కొడుకేంది?"

"నాకైతే అక్క కొడుకు కొడుకే కదన్నా."

"నీకు కొడుకు. నాకు అల్లుడు. నా కూతుర్ని వానికే ఇయ్యాలనుకుంటాండాం. ఇప్పుడు వాడు కొడుకంటే ఎట్లప్పా?"

ఆయన నిజంగానే బాధపడ్డాడు. తప్పు ఎక్కడుందో చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు. జతలన్నీ నేను నా నోటితో అనుకుంటూ రాశాను. ఆ ప్రోగ్రాంలో వరస అడిగేవాళ్లందరూ ఆడవాళ్లే. మగవాళ్లు వరసల్లో ఉన్నారు కానీ వాళ్లకు అడిగే అవకాశం లేదు. అడుగుతున్నది ఆడమనిషా మగమనిషా అన్నది కూడా ఫంక్షన్‌కు చెప్పేట్టు మార్చాను. అన్నకు అల్లుడు తిరిగి అల్లుడయ్యాడు. ఆయన మళ్లీ మళ్లీ అడిగించుకుని, ప్రతిసారీ అల్లుడే రావడం చూసి లేచి వెళ్లాడు.

సారు ఈసారి పెన్ను తీయలేదు.

"బాగుండాది. అయితే దారి నువ్వే చెప్తాండావు. అక్క, కొడుకు అని. ఎవరు ఎవరికి పుట్టినారో అంతవరకే చెప్పు. దారి అది ఎతుక్కోవాల."

మూడో ప్రోగ్రాం దగ్గర చాలా రోజులు ఇరుక్కున్నాను. మా ఇంటివాళ్లందరినీ ఎక్కించాను: ఫలానావాళ్లకు ఫలానావాళ్లు పుట్టారు, అంతే. ఇప్పుడు ఒక మనిషి నాకేమవుతాడో తెలియాలంటే, ముందు ఆ మనిషి వాళ్లమ్మ నాకేమవుతుందో కనుక్కోవాలి. ఆమె దగ్గర తెలియకపోతే వాళ్ల నాయనను చూడాలి. రాసి నడిపించాను. కంప్యూటర్ బిగుసుకుపోయింది. తర్వాత కాగితం మీద వేసి చూస్తే తెలిసింది. అది కొడుకు వరస కోసం అమ్మను అడిగింది. అమ్మ వరస కోసం కొడుకును అడగమని నేనే ఇంకోచోట రాశాను. ఇద్దరూ ఒకరినొకరు అడుక్కుంటూ ఉండిపోయారు. ఆ కంప్యూటర్‌లోనే ఇంకో పక్క ఒక పెళ్లిపత్రిక తెరిచి ఉంది. సేవ్ చేయలేదు. పెళ్లికొడుకు తండ్రి నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.

"ఏమాయె?" అన్నాడు అన్న.

"ఆపాలన్నా."

"ఆపితే పత్రిక?"

"పోతుందన్నా."

అన్న పెళ్లికొడుకు తండ్రి వైపు తిరిగి, "ఎండకొచ్చినావు. ఒక టీ తాగుదాం పా అప్పా" అని బయటికి తీసుకుపోయాడు. వాళ్లు తిరిగొచ్చేలోపు నేను పత్రిక మొత్తం మళ్లీ కొట్టాను. ఆ తర్వాత, ఒకసారి అడిగిన మనిషిని మళ్లీ అడగకుండా, అడిగినవాళ్లను వెంటబెట్టుకు తిరిగేలా ఫంక్షన్‌ను మార్చాను. బిగుసుకుపోవడం మానింది.

నాతో పనిచేసే అమ్మాయికి వీటిమీద ఆసక్తి ఉండేది కాదు. ఇంకు అంటిన చేతులతో వచ్చి, తెర మీద కుండలీకరణాలు చూసి, "ఇన్ని బ్రాకెట్లు ప్రూఫులో వస్తే కొట్టేస్తా" అని పోయేది. అట్లాంటిది ఒకరోజు మధ్యాహ్నం చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"మే, మా ఇంటోళ్లను ఎక్కించు."

"ఎందుకు?"

"ఊరికే."

తాడిపత్రిలో బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే ఒకబ్బాయి అప్పటికి కొన్ని నెలలుగా మా షాపుకు వస్తుండేవాడు. యూనిట్‌కు విజిటింగ్ కార్డు కావాలని మొదలైంది. ఎన్ని ప్రూఫులు చూపించినా అతనికి ఇంకో తప్పు కనబడేది. ప్రూఫులు చూపించేది ఈమె. వచ్చినప్పుడల్లా చొక్కా మీద బండల తెల్లపొడి ఉండేది, తల మాత్రం దువ్వి ఉండేది. వాళ్లిద్దరికీ చుట్టరికం ఉందని తెలుసు కానీ ఏమిటో నేనెప్పుడూ అడగలేదు.

ఆమె చెబుతూ పోయింది. నేను కొడుతూ పోయాను. వాళ్లమ్మకు ఒక అక్క, ఒక అన్న. అక్క పెద్దది, వయసులో చాలా తేడా. ఆ అక్క కూతుర్ని మేనమామకే, అంటే వాళ్లమ్మ అన్నకే, ఇచ్చి చేశారు. మా వైపు ఇది మామూలే. ఆ ఇద్దరి కొడుకే ఈ అబ్బాయి.

"అడుగు" అంది.

అడిగాను. కొడుకు అని వచ్చింది.

ఆమె తెర మీది మాట ఒకసారి చదువుకుంది. ముఖంలో ఏమీ మారలేదు. "మా నాయన వాళ్లన్న, మా పెద్దనాయన గూడా ఇదే అంటాండాడు" అంది. "వాళ్లమ్మ మా పెద్దమ్మ కూతురు. పుట్టినప్పటి నుంచి అక్కా అక్కా అని పిలుస్తాండా. అక్క కొడుకు నాకు కొడుకు గాక ఏమైతాడు అని. మా నాయన లేడు. పెద్దనాయన మాటే మాట."

"మరి వాళ్ల నాయన నీకు సొంత మేనమామ కదా?"

"అవును."

"మామ కొడుకు బావ కదా?"

"అదే నేనూ అంటాండేది."

అప్పుడు ప్రోగ్రాంలోకి చూశాను. ముందు అమ్మ వైపు అడగమని రాశాను. అమ్మ వైపు జవాబు దొరికితే నాయన వైపు చూడనే చూడదు. ఆ రెండు లైన్లను పైది కిందికి, కిందిది పైకి మార్చి మళ్లీ అడిగాను. బావ అని వచ్చింది.

ఆమెకు సంతోషమవుతుందనుకున్నాను.

"అంతేనా?" అంది. "రెండు లైన్లు అటూ ఇటూ చేస్తే నాకు పెళ్లయితాదా?"

అప్పటిదాకా ఆ ప్రోగ్రాం తప్పు చెబితేనే నాకు భయం. అది రెండుసార్లూ తప్పు చెప్పలేదు. ఉన్న రెండు నిజాల్లో తనకు ముందు ఎదురైనది చెప్పి నోరు మూసుకుంది. ఒక్క జవాబు ఇవ్వమని నేనే రాశాను.

ఆ రోజూ మరుసటి రోజూ కూర్చుని మళ్లీ రాశాను. అమ్మ వైపు వచ్చినవీ, నాయన వైపు వచ్చినవీ, అన్నీ పోగుచేసి ఒక జాబితాగా ఇచ్చేట్టు. అట్లా వచ్చిన ప్రతి మాటతోనూ తర్వాతి మాటను మళ్లీ కలపాలి. మొదట అవే మాటలు మళ్లీ మళ్లీ వచ్చాయి. వాటిని ఏరేశాను. చివరికి ఆ అబ్బాయి గురించి అడిగితే కుండలీకరణంలో రెండు మాటలు వచ్చాయి: కొడుకు, బావ.

అన్న ఈ సంగతి విని ఊరుకోలేదు. మార్కెట్టు దగ్గర ఆమె పెద్దనాయన కనిపిస్తే, మా షాపులో వరసలు చెప్పే స్కీము ఒకటి ఉందని చెప్పాడు. పెద్దనాయన పంట ఇన్సూరెన్సు కాగితాలు పట్టుకుని వచ్చాడు. అది ఆ స్కీము కాదని అర్థమయ్యాక కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, వచ్చినందుకైనా చూసిపోదామన్నట్టు కూర్చున్నాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో గొడుగు. ఆ ఏడు గొడుగు ఎండకే. ఆమె వెనక గది తలుపు దగ్గర నిలబడింది.

"మా పాప సంగతి ఏమంటాది ఇది?" అని అడిగాడు.

"రెండూ అంటాంది పెద్దనాయనా. ఒక దారిలో కొడుకు, ఒక దారిలో బావ."

"రెండు చెప్పేదానికి కంప్యూటరేంటికి? మా ఇంట్లోనే ఉండారు రెండు చెప్పేవాళ్లు."

"ఉన్నది రెండే పెద్దనాయనా. అది కల్పించి చెప్పదు."

"ఏం కల్పించదో సూద్దాం. నన్ను అడుగు."

ఆయన ఇంటివాళ్లు అప్పటికే అందులో ఉన్నారు, తమ్ముని కూతురే ఎక్కించింది కాబట్టి. ఆయనకు ఎవరెవరు ఏమవుతారని అడిగాను. తమ్ముడు, తమ్ముని కూతురు, అక్క, అన్నీ సరిగ్గా వచ్చాయి. ఆయన తలాడిస్తూ పోయాడు.

"నా కొడుకు?"

కుండలీకరణంలో రెండు మాటలు వచ్చాయి: మనవడు, కొడుకు.

ఆయన గొడుగు గోడకు ఆనించి ముందుకు వంగాడు. "మనవడేంది?"

నాకూ మొదట తెలియలేదు. తలుపు దగ్గర నుంచి ఆమే చెప్పింది. "నువ్వు చేసుకున్న పెద్దమ్మ నీకు అక్క కూతురు కదా పెద్దనాయనా. అక్క కూతురి కొడుకు మనవడు."

ఆయన తన పెళ్లి సంగతి కొత్తగా విన్నట్టు కూర్చున్నాడు. ఆయన భార్య ఆయన సొంత అక్క కూతురు. ఊరందరికీ తెలుసు.

"మేం ఎన్నడూ ఆ దారిలో పిలుసుకోలేదు" అన్నాడు.

"అవును పెద్దనాయనా" అంది ఆమె. "నీ కొడుకును నువ్వెన్నడూ మనవడా అనలేదు."

"అనలేదు. ఏంటికంటాను? పెండ్లయినాక ఆ వరస తీసేసినాం."

ఆమె ఇంకు చేతులు కొంగుకు తుడుచుకుంటూ, నేల వైపు చూస్తూ అంది: "నేనూ తీసేస్తా."

పెద్దనాయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"అక్కా అక్కా అని ఇన్నేండ్లు పిలిచినావు. నోరు తిరుగుతాదా?"

"తిరుగుతాది."

"సూద్దాం. రేపటి నుంచి వాళ్లమ్మను అత్తా అను. శ్రావణం దాకా చూస్తా. ఒక్కతూరి అక్కా అన్నావని నా చెవిన పడిందంటే ఆ మాట మళ్ల ఎత్తగూడదు."

గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. మెట్లు దిగి, మళ్లీ తిరిగొచ్చి, గడపలో నిలబడి నాతో, "ఆ మనవడు అనేది మాత్రం తీసెయ్ పాపా. వాడు చూస్తే బాగుండదు" అన్నాడు. తీసేస్తానని చెప్పాను. తీయలేదు. తీయాలంటే రెండు జవాబులు ఇవ్వడమే మాన్పించాలి, అప్పుడు వాళ్ల అమ్మాయి బావ కూడా పోతాడు.

ఆమె ఆ నెలలన్నీ చాలా పొదుపుగా మాట్లాడింది. మామ ఇంటికి పోయినప్పుడు అత్తా అనడానికి నోరు రాక, అక్కా అనడానికి ధైర్యం లేక, ఏమీ అనకుండా పనులు చేసుకొచ్చేది. షాపులో నన్ను నిలబెట్టి అత్తా, అత్తా అని అలవాటు చేసుకునేది. ఒకసారి అట్లా అంటున్నప్పుడు కరపత్రాలకు వచ్చినాయన, ఈమెకు నేనే అత్తనేమో అనుకుని, ఇంత చిన్న వయసులోనా అని ఆశ్చర్యపోయాడు. వరస అని చెప్పాం. ఆ మాట చెబితే మా వైపు ఎవరూ ఇంకేమీ అడగరు.

శ్రావణంలో కొంచెం వాన పడింది. పెద్దనాయన ఒప్పుకున్నాడు. వాన పడినందుకు ఒప్పుకున్నాడో, ఆమె నోరు తిరిగినందుకు ఒప్పుకున్నాడో చెప్పలేదు. పత్రిక నేనే టైపు చేశాను, ప్రూఫు ఆమే చూసుకుంది. తన పెళ్లిపత్రికలో తప్పులు ఏరి, ఎర్రసిరాతో గుర్తులు పెట్టి నాకు ఇచ్చింది. ఆ అబ్బాయి విజిటింగ్ కార్డు ప్రూఫు కూడా ఆ వారమే ఓకే అయింది.

సారుకు ఆఖరి ప్రోగ్రాం చూపించినప్పుడు ఆయన రెండు మాటలున్న జవాబును చాలాసేపు చూశాడు.

"ఫంక్షన్ అంటే ఒక ప్రశ్నకు ఒకటే జవాబు ఇయ్యాలని చెప్పినా కదా?"

"ఒకటే ఇస్తుంది సార్. ఆ ఒక్క జవాబు ఒక జాబితా."

"ఎవరు చెప్పినారు?"

జరిగింది చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా విని, నేను రాసిన వాటిలో ఒక చిన్న ఫంక్షన్ చూపించి, ఇదే పని చేసేది భాషలో ముందే ఉంది, నువ్వు మళ్లీ రాయనక్కరలేదు అన్నాడు. నాకు తెలియదన్నాను.

"తెలియకుండా రాసినావు కాబట్టి ఇప్పుడు అర్థమైతాది. ఇప్పుడు తీసెయ్" అని పెన్ను మూత పెట్టాడు. మంచి మార్కులే వేశాడు.

ఆ తర్వాతి ఎండాకాలంలో కరెంటు ఒక్కసారిగా ఎక్కువై షాపులో కంప్యూటర్ కాలిపోయింది. ట్యూబులైట్లు కూడా పోయాయి. అన్న అనంతపురం తీసుకుపోయి చూపించాడు. హార్డ్ డిస్క్‌లో ఏమీ రాదన్నారు. ఆయన పెళ్లిపత్రికల నమూనాల కోసం చాలా రోజులు బాధపడ్డాడు. నా ప్రోగ్రాం ఫ్లాపీలో ఉందనుకున్నాను. ఆ ఫ్లాపీ తెరుచుకోలేదు. సారుకు ఇచ్చిన కాగితాలు ఆయన మళ్లీ ఇవ్వలేదు, నేను అడగలేదు.

అప్పటికి నాకు అనంతపురంలో ఒక చిన్న కాలేజీలో ల్యాబు చూసుకునే పని దొరికింది. క్లాసులు లేని ఒక మధ్యాహ్నం, పిల్లలు వెళ్లిపోయాక, ఆ ప్రోగ్రాంను గుర్తున్నంతవరకు మళ్లీ రాద్దామని కూర్చున్నాను. నెలల తరబడి దిద్దినది కదా, వారమైనా పడుతుందనుకున్నాను. ఆ మధ్యాహ్నమే అయిపోయింది. పాతదానికంటే చిన్నగా వచ్చింది. ఏదో మరిచిపోయానేమోనని మళ్లీ చూశాను. తీసేయదగ్గవి మాత్రమే మరిచిపోయాను.

పరీక్షించడానికి షాపులో నాతో పనిచేసిన స్నేహితురాలి ఇంటివాళ్లను ఎక్కించాను. ఈసారి ఇంకొకరు పెరిగారు. ఆమెకు కూతురు పుట్టింది. ఆ పాప వాళ్ల నాయనకు ఏమవుతుందని అడిగాను. కూతురు, చెల్లెలు అని రెండు మాటలు వచ్చాయి, వాళ్లమ్మ వైపు నుంచి చూస్తే ఆమె అతనికి చిన్నమ్మ కాబట్టి. తాడిపత్రికి ఫోన్ చేసి చెప్పాను. అవతల ఆమె పాపను చంకనేసుకుని వింటున్నట్టుంది, ఏడుపు వినబడుతోంది.

"సరేలే మే" అంది. "ముందు ఇది మాటలు నేర్చుకోనీ."